మాట నుండి బొమ్మ వరకు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలోని నల్లరేగడి భూములు ప్రత్తికిని మిరపకును పెట్టినది పేరు. గుంటూరు నగరమందలి మిరప యార్డు ఆసియాఖండమున మిక్కిలి పెద్దదని ప్రసిద్ధి గాంచినది. ఈ రెండు పైరులును రైతునకు ధనము నిచ్చునవే గాని, వానికి సోకు చీడపీడలును పెక్కు. 2021వ సంవత్సరమున నల్ల తామర పురుగు అను క్రొత్త శత్రువు మిరపతోటలపై విరుచుకొనిపడెను. అది పూవులలో చేరి రసమును పీల్చుటచే పూత రాలిపోయెను. పలువురు రైతులు ఏపుగా పెరిగిన తోటలను దున్నివేసిరి. అట్టి సమయమున తెలిసినవారి మాట తెలియనివారి చెవికి ఎంత శీఘ్రముగా చేరిన అంత మేలు.

ఆ మాటను చేరవేయుటకు ప్రతి తరమువారును తమకు లభించిన సాధనమును వినియోగించుకొనిరి. వ్యవసాయోద్యోగులు ఊరూరు తిరిగి రచ్చబండ చెంత బోధించిరి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము నెలకొన్న పిదప రేడియో ఆ పనికి తోడ్పడెను. 2004లో కిసాన్ కాల్ సెంటర్లు ఏర్పడి, రైతు తన ఊరి నుండియే టెలిఫోనులో సందేహమును అడుగుటకు వీలు కలిగినది. 2006లో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమున ‘డిజిటల్ గ్రీన్’ అను ప్రయత్నము మొదలై, తరువాత ప్రత్యేక సంస్థయైనది. రైతులు తమ పొలములలో చేసి చూపిన పనులను వీడియోలుగా తీసి తోటి రైతులకు ప్రదర్శించుట దాని పద్ధతి. అయితే ఒక వీడియో తయారగుటకు చెప్పువాడు, వ్రాయువాడు, చిత్రించువాడు, కూర్చువాడు అందరును కావలెను. పురుగు మాత్రము వారి తీరిక కొరకు వేచియుండదు.

ఇప్పుడు ఈ పనులలో పెక్కింటిని కంప్యూటరు చేయగలుగుచున్నది. మనిషి పలుకును విని అక్షరములుగా వ్రాయు ప్రోగ్రాము ఒకటి కలదు. వ్రాతను బట్టి బొమ్మ గీయునది, చదివి వినిపించునది, వీడియో కూర్చునది వేరువేరుగా కలవు. మనిషి మేధను ఇట్లు అనుకరించు విద్యకు కృత్రిమ మేధ యని పేరు. ఈ ప్రోగ్రాములలో ఒకదాని పని ముగియగనే దాని ఫలితము, మనిషి చేయి తగులకయే, రెండవదానికి అందునట్లు గొలుసుగా కూర్చవచ్చును. దీనినే స్వయంచాలన పద్ధతి యందురు.

ప్రత్తి పండు సీమలోనివారికి ఇట్టి గొలుసు క్రొత్తది కాదు. చేనిలో ఏరిన ప్రత్తి జిన్నింగు మిల్లులో గింజను విడుచును, ప్రెస్సులో బేలుగా బిగియును, స్పిన్నింగు మిల్లులో నూలగును, మగ్గముపై వస్త్రమగును. ఒకచోట తయారైన వస్తువు వేరొకచోటికి ముడిసరకు. ఏరునపుడు ఎండుటాకు తునక ప్రత్తిలో కలిసినచో, అది మిల్లులో నలిగి మరింత చిన్నదై, నూలు వరకు వెంటవచ్చును. మాటల గొలుసును ఇట్టిదే.

లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రమున ఒక శాస్త్రజ్ఞుడు మిరప చీడలను గూర్చి పది నిమిషములు మాటలాడి, ఆ ధ్వనిని ఫోనులో పట్టి పంపెననుకొనుడు. మొదటి మెట్టున కంప్యూటరు ఆ ధ్వనిని అంకెలుగా మార్చును. ఇందుకై సాధారణముగా సెకనునకు 16,000 మారులు ధ్వని హెచ్చుతగ్గులను కొలుచును. ఆ అంకెలను చిన్న తునకలుగా చేసి, సెకనులో నూరవవంతు చొప్పున ముందునకు జరుగుచు, ఏ ధ్వని ఏ అక్షరమునకు సరిపోవునో ఊహించును. ఈ ఊహ దానికి పుట్టుకతో వచ్చినది కాదు. మనుష్యులు పలికిన మాటలను, మనుష్యులే వ్రాసిన పాఠములతో జతపరచి వేలకొలది గంటలు చూపిన పిదపనే అది నేర్చుకొనును.

రెండవ మెట్టున ఆ పాఠములోని తడబాట్లు తొలగి, విషయము చిన్న చిన్న వాక్యములుగా విడివడును. మూడవ మెట్టున ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క బొమ్మ సిద్ధమగును. బొమ్మలు గీయు ప్రోగ్రాములలో పెక్కు మొదట చుక్కల గందరగోళముతో ఆరంభించును. వాక్యమునకు తగినట్లు దానిని కొంచెము కొంచెముగా సవరించుచు తుదకు రూపమును తెచ్చును. నాల్గవ మెట్టున వాక్యములకు కంఠము లభించును. ఐదవ మెట్టున బొమ్మలును కంఠమును అడుగున అక్షరములును కలిసి వీడియోయై రైతుల ఫోనులకు చేరును. మనుష్యులకు దినములు పట్టు పని కొలది నిమిషములలో ముగియును.

ఈ దారిలో సాగిన ప్రయత్నములు ఇప్పటికే కలవు. గుంటూరు సీమ వలె ఖమ్మం జిల్లాయును మిరపకు ప్రసిద్ధి. అచ్చట 2022లో తెలంగాణ ప్రభుత్వమును, ప్రపంచ ఆర్థిక వేదికయు, డిజిటల్ గ్రీన్ సంస్థయు కలిసి ‘సాగు బాగు’ అను కార్యక్రమమును చేపట్టినవి. మొదటి దశలో సుమారు 7,000 మంది మిరప రైతులకు కృత్రిమ మేధ తోడ్పాటుతో సలహాలు అందినవి. 2023లో డిజిటల్ గ్రీన్ ‘ఫార్మర్ చాట్’ అను సాధనమును తెచ్చినది. అందు రైతు వ్రాసియు, నోటితో పలికియు ప్రశ్నింపవచ్చును. ఆ సంస్థ వద్ద చేరియున్న శిక్షణ వీడియోలలోని మాటలు అక్షరములుగా మారి ఆ సాధనమునకు జ్ఞానభాండారమైనవి. కేంద్రప్రభుత్వము 2022 జూలైలో గాంధీనగరమున ప్రారంభించిన ‘భాషిణి’ వలన, పలుకును వ్రాతగను, వ్రాతను పలుకుగను, ఒక భాషను వేరొక భాషగను మార్చు సాధనములు తెలుగునకును లభించినవి.

ఇంత ఉపకారియైన గొలుసులో అపాయమెచ్చట నున్నది? అది మొదటి కొలికిలోనే కలదు. తామర పురుగు సోకిన మిరప ఆకు అంచులు పైకి ముడుచుకొని పడవను పోలును. తెల్లనల్లి సోకినచో అంచులు క్రిందికి ముడుచుకొని తిరుగబడిన పడవను పోలును. నల్లి ఎనిమిది కాళ్లు గలది. సాలీడుల తెగకు చెందినదే గాని కీటకము కాదు. కావున ఒకదానికి వాడు మందు రెండవదానిపై పనిచేయకపోవచ్చును. ‘పై ముడత’ యని శాస్త్రజ్ఞుడు పలికినపుడు, మోటారు చప్పుడులో ‘పై’ అను ఒక్క అక్షరము జారిపోయినచో మిగులునది ‘ముడత’ మాత్రమే. ఏ ముడతయో వినువానికి తెలియదు. ‘ఇప్పుడు మందు కొట్టకండి’ అను మాటలో ‘క’ అను అక్షరము పోయినచో అర్థమే తలక్రిందులగును.

బొమ్మ గీయు ప్రోగ్రామునకు మరియొక చిక్కు కలదు. ‘తామర’ యనగా దానికి కొలనిలోని పద్మము తోచవచ్చును; ‘నల్లి’ యనగా మంచపు నల్లి తోచవచ్చును. మరికొన్నిచోట్ల లేని మాటలే పుట్టును. 2022 సెప్టెంబరులో వెలువడిన ‘విస్పర్’ అను ప్రసిద్ధ ప్రోగ్రాము 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ పొందినది. అందు సుమారు మూడింట రెండువంతులు ఆంగ్లమే. ఆంగ్లములోనే అది వ్రాసిన పాఠములను పరిశోధకులు పరీక్షించి, దాదాపు నూటికి ఒకదానిలో ఎవరును పలుకని వాక్యములు కలవని 2024లో తెలిపిరి. మాటల నడుమ మౌనము ఎక్కువగా ఉన్నవారి ధ్వనులలో ఈ దోషము హెచ్చుగా కనబడినది.

చేతివ్రాతలో తప్పు దొర్లినచో కొట్టివేతయో, అస్పష్టమైన అక్షరమో చదువరిని హెచ్చరించును. ఈ గొలుసులో తప్పునకు అట్టి గుర్తు మిగులదు. ప్రతి మెట్టును దానికి మెరుగు పెట్టును. మొదట తప్పుగా విన్న మాట తుదకు చక్కని బొమ్మతో, తడబడని కంఠముతో రైతు ముందు నిలుచును. అతడు దానిని నమ్మి అప్పు తెచ్చి మందు కొనును. మందు పనిచేయకపోయినచో డబ్బును పోవును, చీడను అరికట్టవలసిన అదనును దాటిపోవును.

కావున గొలుసును కూర్చువారు దానిని ఎచ్చట ఆపవలెనో కూడ ఎరుగవలెను. మాట వ్రాతగా మారిన వెంటనే, బొమ్మ పుట్టక మునుపే, పైరును తెలుగును ఎరిగిన మనిషి ఒకడు అసలు ధ్వనిని వినుచు పాఠమును సరిచూడవలెను. మందుల పేర్లు, కొలతలు, వ్యతిరేకార్థమిచ్చు క్రియలు వచ్చినచోట ప్రోగ్రాము తనంతట తానే ఆగి మనిషి సమ్మతిని కోరునట్లు ఏర్పరుపవచ్చును. పురుగును చూపవలసినచోట కల్పితమైన బొమ్మకు బదులు పొలములో తీసిన ఫోటోను ఉంచవలెను. శాస్త్రజ్ఞుని అసలు కంఠమును, సలహా ఇచ్చిన తేదీని భద్రపరుపవలెను. రెండవ మెట్టున ఒక తప్పును దిద్దుటకు క్షణము చాలును. వేల ఫోనులకు పోయిన పిదప దానిని వెనుకకు రప్పించుట దుర్లభము.

ఇక ప్రోగ్రాము చక్కగా వినవలెనన్న దానికి తెలుగు పలుకులు సమృద్ధిగా లభింపవలెను. మద్రాసు ఐ.ఐ.టి.లోని ‘ఏఐ ఫర్ భారత్’ బృందము 145 జిల్లాలలో 22 భాషలవారైన 16,237 మంది పలుకులను 7,348 గంటల మేరకు సేకరించి 2024లో ప్రకటించినది. నాటికి అందులో విని వ్రాయబడినది 1,639 గంటలు మాత్రమే. పలుకువారు దొరికినంత సులభముగా, విని తప్పు లేక వ్రాయువారు దొరకరని దీనివలన తెలియుచున్నది. మిరప రైతు రంగు చెడిన కాయను ‘తాలు కాయ’ యనును. కాయలను ఆరబోయు చోటును ‘కల్లము’ అనును. ఇట్టి మాటలను ఎన్నడును విని నేర్వని ప్రోగ్రాము ‘తాలు కాయ’ను ‘తాలూకా’ యని వ్రాసినను ఆశ్చర్యము లేదు.

పాఠశాలలో ఉక్తలేఖనము ఉపాధ్యాయుడు చెప్పగా విద్యార్థి విని వ్రాయు పని. ఈ గొలుసులోని మొదటి మెట్టును అదియే. ఉక్తలేఖనమును దిద్దనిదే మార్కులు వేయరు. యంత్రము వ్రాసినదియు దిద్దనిదే పొలమునకు పంపరాదు. దిద్దువానికి భాషయు తెలియవలెను, పొలమును తెలియవలెను. ప్రత్తి, మిరప పండించు ఇండ్లలో పుట్టి చదువుకొను బాలబాలికలకు ఈ రెండును నేర్చుకొను అవకాశము ఇంటను బడిలోను కలదు. శ్రద్ధగా విని, తప్పు లేక వ్రాసి, సందేహము కలిగినచోట ఆగి అడుగగలవారు ఎందరున్న అంతగా ఈ క్రొత్త సాధనము రైతునకు మేలు చేయగలదు.