గీత సరైతేనే గురి!

కిలోమీటరు అవతల ఉన్న పలకకు తూటా తగలాలంటే తుపాకీ, చెయ్యి బాగుంటే చాలదు. స్కోప్‌లో కనిపించే సన్నటి గీతలూ లెక్క తప్పకూడదు. వాటినే రెటికిల్ అంటారు. దానికి మూలం... సాలెపురుగు! 1640 ప్రాంతంలో ఇంగ్లండ్‌కు చెందిన విలియం గాస్కోయిన్ దుర్భిణిలో సాలీడు దారం స్పష్టంగా కనిపించిందట. అది సరిగ్గా ప్రతిబింబం ఏర్పడే చోట ఉండటమే కారణం. గురిగీతల ఆలోచన అక్కడే పుట్టింది.

హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్కోప్ వాడనివ్వరు. అమెరికాలో ఆదరణ ఉన్న ప్రెసిషన్ రైఫిల్, ఎఫ్-క్లాస్ పోటీల్లో మాత్రం అదే కన్ను.

గీతలే స్కేలు

దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి దిగుతుంది, గాలికి పక్కకు జరుగుతుంది. ఎంత సవరించాలో రెటికిల్ గుర్తులు చెబుతాయి. ఎక్కువమంది వాడే కొలత 'మిల్'. అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు. అరమీటరు పలక సరిగ్గా ఒక మిల్‌లో ఇమిడితే అది 500 మీటర్ల దూరంలో ఉన్నట్టు.

ముందా... వెనకా?

రెటికిల్ జూమ్ కటకాలకు ముందుంటే 'ఫస్ట్ ఫోకల్ ప్లేన్'. జూమ్‌తో పాటు గీతలూ పెరుగుతాయి, లెక్క మారదు. వెనకుంటే 'సెకండ్ ఫోకల్ ప్లేన్'. గీతలు అలాగే ఉంటాయి, బొమ్మ ఒక్కటే మారుతుంది. కాబట్టి లెక్క ఒకే జూమ్ దగ్గర సరిపోతుంది. 20 రెట్లకు సరిచేసిన అలాంటి స్కోప్‌ను 10 రెట్లకు తగ్గిస్తే, పై పలక అర మిల్లే కనిపిస్తుంది. 500 మీటర్ల దూరం కాస్తా 1000 అవుతుంది! ఆ లెక్కతో కాలిస్తే తూటా పలక పైనుంచి పోతుంది.

ఆటను బట్టే ఎంపిక

ప్రెసిషన్ రైఫిల్‌లో పలకలు రకరకాల దూరాల్లో ఉంటాయి, సమయం తక్కువ. జూమ్ మారుతూనే ఉంటుంది. అందుకే ఫస్ట్ ఫోకల్ ప్లేన్, వరుస గుర్తులున్న రెటికిల్ నయం. ఇందులో జూమ్ బాగా తగ్గిస్తే గీతలు దారాల్లా కనబడీ కనబడనట్టుంటాయి.

ఎఫ్-క్లాస్‌లో దూరం ముందే తెలుసు. 1000 గజాల దగ్గర పది పాయింట్ల వలయం వెడల్పు 10 అంగుళాలే. దాన్ని కప్పేయని సన్నటి గీత, చిన్న చుక్క చాలు. ఇక్కడ సెకండ్ ఫోకల్ ప్లేనే హాయి.

ఏది కొన్నా ఒకటి మరవకూడదు. రెటికిల్ మిల్‌లో ఉంటే స్కోప్‌పై తిప్పే నాబ్‌లూ మిల్‌లోనే ఉండాలి. లేదంటే ప్రతి తూటాకూ ఓ గుణకారం తప్పదు!