క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూపే పెట్-సీటీ పరీక్ష

– ఒక పూర్వ విద్యార్థి, 1996–2001 బ్యాచ్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ళ చారు, ఆదివారం గుడ్డు, ట్రంకుపెట్టె తాళాలు, దీపాలార్పిన తర్వాత కబుర్లు. అవన్నీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మీకూ, మీ ఇళ్ళల్లోని పెద్దవాళ్ళకూ అక్కరకొచ్చే సంగతి ఒకటి రాస్తున్నాను. నేను పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే పంతులును, డాక్టరును కాను. కానీ మా నాన్న జబ్బు మూలంగా ఈ పరీక్ష గురించి తెలుసుకోక తప్పలేదు.

మా నాన్న సంగతి

మాది జగ్గయ్యపేట వైపు పల్లె. మా నాన్న సిమెంటు మూటలు మోశాడు, మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళాడు. ఆకలి తెలియకుండా ఉండటానికని పొగాకు నమిలేవాడు. 2017లో ఆయన కుడి బుగ్గ లోపల పుండు లేచింది. కారం తగిలితే మంట. పన్ను గీసుకుందనుకున్నాడు. రెండు నెలలు ఊళ్ళో బిళ్ళలు వాడాడు. మెడ మీద గోలీకాయంత గడ్డ తేలాక గానీ నాకు చెప్పలేదు. విజయవాడ తీసుకెళ్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. దాన్నే బయాప్సీ అంటారు. క్యాన్సర్ అని తేలింది. ఎంతవరకు పాకిందో చూడాలి, పెట్-సీటీ తీయించండి అన్నారు.

మా నాన్న అన్న మొదటి మాట: "సర్కారిచ్చిన ఎకరం అమ్మొద్దురా. నన్ను ఇంటికి తీసుకుపో." ఆ ఎకరం అమ్మాలా వద్దా అన్నది తేలాలంటే ముందు జబ్బు ఎంత ఉందో తేలాలి. పెట్-సీటీ పని అదే.

ఒకటి ఆకారం చూస్తుంది, ఒకటి పని చూస్తుంది

సీటీ స్కాన్ అంటే ఎక్స్‌రేలతో శరీరాన్ని పొరలు పొరలుగా తీసే చిత్రం. ఉల్లిగడ్డను చక్రాల్లా కోసి ఒక్కో చక్రాన్నీ చూసినట్టు. మొదటి సీటీ పరీక్ష 1971లో ఇంగ్లండులో జరిగింది. దాన్ని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్‌కు, లెక్కలు కట్టిన కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. గడ్డ ఎక్కడుంది, ఎంత పెద్దది అనేది సీటీ చెబుతుంది. కానీ ఆ గడ్డ బతికి పెరుగుతున్నదా, ఎప్పటిదో పాత మచ్చా అన్నది చాలాసార్లు చెప్పలేదు.

పెట్ స్కాన్ దీనికి భిన్నం. అది ఆకారాన్ని కాదు, కణాలు చేసే పనిని చూస్తుంది. ఎక్కడ ఎక్కువ చక్కెర ఖర్చవుతున్నదో చూపిస్తుంది. అయితే ఆ వెలుగు ఏ అవయవంలో ఉందో దానికదిగా కచ్చితంగా చెప్పలేదు. ఈ రెండింటినీ ఒకే యంత్రంలో కలిపినవారు డేవిడ్ టౌన్‌సెండ్, రాన్ నట్ అనే శాస్త్రజ్ఞులు. 1998లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొదటి నమూనా రోగుల మీద పనిచేసింది. మన దేశంలో 2002లో ముంబైలోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో పెట్ మొదలైంది. 2004లో టాటా మెమోరియల్ ఆసుపత్రికి పెట్-సీటీ వచ్చింది. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల ఈ యంత్రాలున్నాయి.

చక్కెర వెంట పడే క్యాన్సర్

క్యాన్సర్ కణం ఆగకుండా విభజన చెందుతుంది. దానికి తిండి ఎక్కువ కావాలి. చాలా రకాల క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే ఎన్నో రెట్లు గ్లూకోజును లాక్కుంటాయని జర్మనీకి చెందిన ఆటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. దొంగను పట్టుకోవటానికి వాడికి ఇష్టమైన తిండినే ఎర వేసినట్టు, ఈ గుణాన్నే శాస్త్రజ్ఞులు వాడుకున్నారు.

గ్లూకోజుకు కవల లాంటి ఒక పదార్థాన్ని తయారుచేశారు. దాని పేరు ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్, పొట్టిగా ఎఫ్.డి.జి. ఇందులో గ్లూకోజులోని ఒక భాగం తీసేసి, రేడియోధార్మికత గల ఫ్లోరిన్-18ను అతికించారు. కణం దీన్ని గ్లూకోజే అనుకుని లోపలికి రానిస్తుంది. కానీ మామూలు గ్లూకోజును వాడుకున్నట్టు దీన్ని పూర్తిగా వాడుకోలేదు. అది అక్కడే చిక్కుకుపోతుంది. ఆకలి ఎక్కువున్న కణాల్లో ఎక్కువగా పోగవుతుంది. 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దీన్ని మొదటిసారి మనిషికి ఇచ్చారు.

ఇక మీ పాఠంలోని భౌతికశాస్త్రం. ఫ్లోరిన్-18 నుంచి పాజిట్రాన్ అనే కణం బయటికి వస్తుంది. అది ఎలక్ట్రాన్ లాంటిదే, ఆవేశం మాత్రం ధనాత్మకం. ఒక మిల్లీమీటరో రెండో పోయేసరికి ఒక ఎలక్ట్రాన్‌ను ఢీకొంటుంది. రెండూ మాయమై, వాటి ద్రవ్యరాశి శక్తిగా మారుతుంది. ఐన్‌స్టీన్ సమీకరణం మీకు తెలుసు కదా, అదే ఇది! ఆ శక్తి రెండు గామా కిరణాలుగా సరిగ్గా ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతుంది. రోగి చుట్టూ గుండ్రంగా ఉన్న యంత్రం ఒకేసారి రెండు వైపులా తగిలిన జంటలను లెక్కిస్తుంది. ఒక్కో జంట ఒక్కో సరళరేఖ. అలాంటి రేఖలు లక్షల్లో గీస్తే ఎక్కువగా కలిసే చోటు బయటపడుతుంది. కంప్యూటరు తెర మీద ఆ చోటు వెలుగుతుంది.

హైవే మీద కరిగిపోయే మందు

ఫ్లోరిన్-18 అర్ధజీవిత కాలం సుమారు 110 నిమిషాలు. అంటే ప్రతి 110 నిమిషాలకూ సగం తరిగిపోతుంది. దాన్ని సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారుచేస్తారు. ఆ యంత్రం అన్ని ఊళ్ళలో ఉండదు.

మన ఊరి లెక్క ఒకటి వేద్దాం. హైదరాబాదులో తెల్లవారుజామున 64 పాళ్ళ మందు వ్యానెక్కిందనుకోండి. వ్యాను గంటకు 60 కిలోమీటర్ల వేగంతో విజయవాడ వస్తున్నది. 110 నిమిషాలకు ఇంచుమించు నకిరేకల్ దగ్గర ఉంటుంది, మిగిలింది 32 పాళ్ళు. మరో 110 నిమిషాలకు జగ్గయ్యపేట దాటి నందిగామ చేరేసరికి 16 పాళ్ళు. విజయవాడలో దిగేసరికి 11 పాళ్ళు, అంతే. అందుకే రోగులను లెక్కపెట్టి, తరిగిపోయేది కూడా లెక్కగట్టి మందు తెప్పించుకుంటారు. ఎరువుల బస్తాలా కొట్లో పెట్టుకుని అమ్మేది కాదు. మనం ఆలస్యంగా వెళితే మన వాటా గాలిలో కలిసిపోయినట్టే.

ఈ గుణమే రోగికి మేలు కూడా. మర్నాటికి ఒంట్లో అది దాదాపు మిగలదు.

పరీక్ష రోజున ఏం చేస్తారు?

మేము చేసిన తప్పు ముందు చెబుతాను. పరగడుపున రమ్మన్నారు. మొదటి బస్సెక్కాం. దారిలో బస్సు ఆగినప్పుడు, ముసలాయన నీరసపడుతున్నాడని మా అమ్మ జాలిపడి టీ తాగించింది, రెండు బిస్కట్లు తినిపించింది. నాన్నకు షుగరు జబ్బు. తీరా అక్కడ వేలు గుచ్చి చూస్తే 238. ఆ రోజు పరీక్ష లేదన్నారు. మరో రోజు కూలి పోయింది, ఛార్జీలు పోయాయి. అమ్మ దారంతా ఏడ్చింది. ఎందుకు వద్దన్నారో ఎవరైనా ముందే ఒక్క మాట విడమర్చి చెప్పుంటే ఆమె టీ ఇచ్చేది కాదు. రక్తంలో చక్కెర ఎక్కువుంటే అసలు గ్లూకోజు, కవల గ్లూకోజు పోటీపడతాయి. ఎఫ్.డి.జి. గడ్డలోకి సరిగా చేరదు, బొమ్మ మసకగా వస్తుంది. మామూలుగా 200 మిల్లీగ్రాములు దాటితే వాయిదా వేస్తారు.

కాబట్టి గుర్తుంచుకోండి:

1. పరీక్షకు ముందు కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగవచ్చు. టీ, కాఫీ, పళ్ళరసం, చూయింగ్ గమ్ కూడా వద్దు.

2. షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు వాడాలో ముందే అడగాలి. సొంతంగా మానకూడదు.

3. ముందురోజు బరువులు మోయటం, పరుగెత్తటం చేయకూడదు. పనిచేసిన కండరాలు కూడా చక్కెర తాగి వెలుగుతాయి.

4. సూది వేశాక సుమారు గంటసేపు మాట్లాడకుండా, కదలకుండా పడుకోవాలి. తర్వాత మూత్రం పోసి వస్తే యంత్రం బల్ల మీద 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నొప్పి ఉండదు.

5. ఆ రోజంతా నీళ్ళు బాగా తాగాలి. కొన్ని గంటలు గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉండాలి. పరీక్ష చేయించుకునే ఆడవాళ్ళు గర్భం ఉందన్న అనుమానం ఉన్నా, పాలిచ్చే తల్లులైనా ముందే చెప్పాలి.

దశ అంటే ఏమిటి?

క్యాన్సర్ దశను మూడు ప్రశ్నలతో నిర్ణయిస్తారు. పుట్టిన చోట గడ్డ ఎంత? దగ్గరి లింఫు గ్రంథులకు పాకిందా? దూరపు అవయవాలకు, అంటే ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలకు పోయిందా? ఈ మూడు జవాబులను కలిపి ఒకటి నుంచి నాలుగు దశలుగా చెబుతారు. పెట్-సీటీ ముఖ్యంగా రెండో, మూడో ప్రశ్నలకు సాయపడుతుంది. తల నుంచి తొడల దాకా ఒకేసారి చూపిస్తుంది.

దీన్నిబట్టే వైద్యం మారుతుంది. ఒకచోటే ఉంటే ఆపరేషన్, రేడియేషన్. దూరం పాకితే మందులతో అదుపు చేయటం. అనవసరమైన పెద్ద ఆపరేషన్ తప్పించటం కూడా ఈ పరీక్ష చేసే మేలే. ఒక మాట. నాలుగో దశ అనగానే మనిషి అయిపోయాడనుకోకండి. నోటి క్యాన్సర్‌లో గడ్డ పక్క భాగాల్లోకి చొచ్చుకుపోయినా నాలుగో దశ కిందే లెక్క. దూరానికి పాకకపోతే నయం చేయటానికే ప్రయత్నిస్తారు.

వెలిగిందల్లా క్యాన్సర్ కాదు

రెండోసారి వెళ్ళినప్పుడు పరీక్ష సవ్యంగా జరిగింది. రిపోర్టులో బుగ్గ, మెడ గడ్డతోపాటు ఛాతీ మధ్యలోని గ్రంథులు కూడా వెలిగాయని రాశారు. నాకు కాళ్ళు ఆడలేదు. గుండెల దాకా పాకిందని చుట్టాలంతా ఖాయం చేసుకున్నారు. నాన్న పొగాకు పొట్లం విసిరికొట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెద్ద డాక్టరు గారు మాత్రం తొందరపడలేదు. "వెలిగిందని క్యాన్సర్ అనుకోకు. ముక్క తీసి చూద్దాం" అన్నారు. గొంతులోంచి గొట్టం పంపి, ఛాతీలోని గ్రంథి నుంచి సూదితో నమూనా తీశారు. అది టీబీ అని తేలింది! ఒక మనిషికి టీబీ ఉందని తెలిసి ఇల్లంతా సంతోషపడటం నేను మా ఇంట్లోనే చూశాను.

ఎందుకిలా? చీము పట్టినచోట, టీబీ ఉన్నచోట రోగనిరోధక కణాలు పోట్లాడుతుంటాయి. వాటికీ చక్కెర ఎక్కువ కావాలి. మెదడు, గుండె రోజూ వెలిగేవే. మూత్రపిండాలు, మూత్రాశయం మందును బయటికి పంపుతూ వెలుగుతాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. దీనికి ఎదురు కూడా ఉంది. మరీ చిన్నవి, నెమ్మదిగా పెరిగేవి, కొన్ని ప్రొస్టేట్, కిడ్నీ, కాలేయ క్యాన్సర్లు ఎఫ్.డి.జి.తో సరిగా వెలగవు. ప్రొస్టేట్‌కు పి.ఎస్.ఎం.ఏ. అనే వేరే పరీక్ష మందు ఉంది. అనుమానాన్ని పెట్-సీటీ చూపిస్తుంది. ఖాయం చేసేది చాలాసార్లు ముక్క పరీక్షే.

మా నాన్నకు టీబీ బిళ్ళలు మొదలుపెట్టి, తర్వాత బుగ్గకూ మెడకూ ఆపరేషన్ చేశారు. రేడియేషన్ ఇచ్చారు. ఎకరం అమ్మలేదు. నోరు పూర్తిగా తెరుచుకోదు, అన్నం మెత్తగా కలిపి తింటాడు. ఈ ఏడు సంక్రాంతికి కూడా ఆ పొలం గట్టు మీద కూర్చుని మమ్మల్ని కేకలేశాడు.

అందరికీ అవసరమా?

కాదు. తొలి దశలోని చాలా క్యాన్సర్లకు మామూలు పరీక్షలు చాలు. ఏ జబ్బూ లేనివాళ్ళు ఊరికే చూసుకోవటానికి తీయించుకునేది అసలే కాదు. ఖర్చుతో కూడింది, రేడియేషన్ కూడా కొంత ఉంటుంది. లింఫోమా, ఊపిరితిత్తుల క్యాన్సర్ వంటి వాటిలో దశ తెలుసుకోవటానికీ, మందు పనిచేస్తున్నదో లేదో చూడటానికీ, తిరగబెట్టిందన్న అనుమానం తీర్చుకోవటానికీ బాగా ఉపయోగం. డాక్టరు రాస్తే "దీనివల్ల వైద్యం ఏమైనా మారుతుందా అండీ?" అని అడగండి. అడగటం తప్పు కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. ఏ పరీక్ష దాని కిందికి వస్తుందో డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని పథకం సహాయకులను అడగండి.

తమ్ముళ్ళూ, చివరగా

మన జిల్లాలోని రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. అంతటి మనిషి దాచుకోలేదు. మన ఇళ్ళల్లో మాత్రం పక్కింటివాళ్ళకు తెలుస్తుందని దాస్తాం. మా నాన్న దాచిన రెండు నెలలే మాకు ఎక్కువ నష్టం చేశాయి.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలను నోరు తెరవమని చూడండి. మూడు వారాలకు మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మెడలో గడ్డ, రొమ్ములో గడ్డ, ముట్లుడిగాక రక్తస్రావం – వీటిలో ఏది ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గుట్కా, ఖైనీ జోలికి మీరు పోకండి.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఆయన బృందం అమెరికాలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కు వాడుతున్నారు. న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ అనే చదువు ఇప్పుడు మన పిల్లలకూ అందుబాటులో ఉంది. మన హాస్టల్ నుంచి ఒకరు ఆ యంత్రం పక్కన నిలబడాలి. పరగడుపున వచ్చిన పల్లెటూరి తల్లికి టీ ఎందుకు తాగించకూడదో మన భాషలో, ఓపికగా చెప్పాలి. నా కోరిక అదే.