ఒకే తల్లి పిల్లలు - ఒకరికి జబ్బు, ఒకరికి లేదు. ఎందుకని?



మనమంతా ఒకే బోరింగు నీళ్ళు తాగుతాం. ఒకే గిన్నెలో వండిన అన్నం తింటాం. ఒకే హాల్లో పడుకుంటాం, మనందర్నీ కుట్టేవి ఒకే దోమలు. అయినా చలిజ్వరం వస్తే ఒకడికి ప్రాణం మీదికి వస్తుంది, పక్కవాడు నాలుగు రోజుల్లో లేచి ఆటకి పోతాడు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు గట్టిగా ఉంటాడు, ఇంకొకడు ఎప్పుడు చూసినా కాళ్ళు నొప్పులు, చేతులు నొప్పులు అని మూలుగుతుంటాడు. ఊళ్ళో వాళ్ళు గాలి సోకిందంటారు, ఎవరో చేతబడి చేశారంటారు. మరి సైన్సు ఏం చెప్తుందో చూద్దామా?

జబ్బుకి మూడు కారణాలు

మొదటిది బయట నుంచి వచ్చే క్రిమి. రెండోది మన తిండి, మనం ఉండే చోటు. మూడోది మన ఒంట్లోనే పుట్టుకతో ఉన్న తేడా. క్షయ క్రిమిని 1882లో రాబర్ట్ కోచ్ కనిపెట్టాడు. ఆ క్రిమి ఒంట్లో చేరిన వాళ్ళలో ఎక్కువ మందికి జబ్బు రానే రాదు. తిండి చాలక నీరసించిన వాళ్ళని అది ముందుగా పట్టుకుంటుంది. కాబట్టి క్రిమి ఒక్కటే కారణం కాదన్నమాట. మూడో కారణం గురించి ఈసారి వివరంగా రాస్తున్నాం. ఎందుకంటే అది ఆదిలాబాద్ అడవుల నుంచి విశాఖ మన్యం దాకా మన గూడేలకి సంబంధించిన విషయం. దాని పేరు సికిల్ సెల్ జబ్బు.

కొడవలి లాంటి కణాలు

మన రక్తంలో ఎర్ర కణాలు ఉంటాయి. మామూలుగా అవి గుండ్రంగా, మెత్తగా ఉంటాయి, సన్నటి రక్తనాళాల్లో కూడా వంగి జారిపోతాయి. వాటిలో ఉండే హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ మోసుకుపోతుంది. కొందరిలో ఈ కణాలు ఆక్సిజన్ తగ్గినప్పుడు వంకర తిరిగి కొడవలిలా అయిపోతాయి. ఇంగ్లీషులో సికిల్ అంటే కొడవలే. 1910లో అమెరికాలోని చికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు ఈ సంగతి మొదట రాశాడు. గ్రెనడా దీవి నుంచి పళ్ళ డాక్టరు చదువుకి వచ్చిన ఒక కుర్రవాడి రక్తంలో ఆ వంకర కణాలు కనిపించాయి.

ఎందుకు వంకర తిరుగుతాయి? హిమోగ్లోబిన్ ఒక పూసల దండ లాంటిది అనుకోండి. అందులో బీటా అనే దండలో 146 పూసలుంటాయి. ఈ జబ్బులో 6వ పూస ఒక్కటే మారింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చింది. దీన్ని 1957లో ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఒక్క పూస తేడాకే హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లాగ అయిపోతుంది, కణం వంగిపోతుంది. ఆ గట్టి కణాలు సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. కాలవలో తుప్ప అడ్డం పడితే కింది మడికి నీళ్ళు పోవు కదా, అట్లాగే అక్కడికి రక్తం పోదు. అందుకే ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది. మామూలు కణం సుమారు 120 రోజులు బతికితే ఇవి 10, 20 రోజుల్లోనే పగిలిపోతాయి. అందువల్ల రక్తం తగ్గుతుంది, కళ్ళు పచ్చబడతాయి, ఆయాసం వస్తుంది.

చింతపిక్కల ఆట

ఇప్పుడు అసలు ప్రశ్న: ఒకే తల్లి పిల్లల్లో ఒకరికే ఎందుకు?

మన ఒంట్లో ఏది ఎట్లా తయారవ్వాలో చెప్పేవి జన్యువులు. ఈ హిమోగ్లోబిన్‌కి ప్రతి ఒక్కరిలో రెండు జన్యువులుంటాయి, ఒకటి నాన్న ఇచ్చింది, ఒకటి అమ్మ ఇచ్చింది. మనం చింతపిక్కని రాయి మీద అరగదీసి ఒక వైపు తెల్లగా చేసి పందెం ఆడతాం కదా. నల్ల వైపు మంచి జన్యువు, అరిగిన తెల్ల వైపు మారిన జన్యువు అనుకోండి. నాన్నలో ఒకటి మంచిది, ఒకటి మారింది. అమ్మలో కూడా అంతే. ఇద్దరికీ జబ్బు లేదు, ఎందుకంటే ఒక మంచి జన్యువు ఉన్నా పని జరిగిపోతుంది. ఇట్లాంటి వాళ్ళని వాహకులు అంటారు.

ఇప్పుడు నాన్న పేరు మీద ఒక పిక్క, అమ్మ పేరు మీద ఒక పిక్క వెయ్యండి. నాలుగు రకాలుగా పడొచ్చు. రెండూ నలుపు పడితే బిడ్డకి ఏమీ లేదు. ఒకటి నలుపు ఒకటి తెలుపు (ఇది రెండు రకాలుగా పడుతుంది) అయితే బిడ్డ వాహకుడు. రెండూ తెలుపు పడితే బిడ్డకి జబ్బు. అంటే నాలుగింట ఒక వంతు. ఇక్కడ ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి: ప్రతి కాన్పుకీ పిక్కలు కొత్తగానే పడతాయి. మొదటి బిడ్డకి జబ్బు వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికి రాదు అని లేదు.

ఇందులో ఎవరి శాపం ఉంది? ఎవరి తప్పు ఉంది? ఎవరిదీ లేదు. పిక్క ఎట్లా పడింది అన్నదే.

మరి మన గూడేల్లోనే ఎందుకు ఎక్కువ?

1952లో నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో మన దేశంలో మొదటిసారి దీన్ని చూశారు. ఇది మనవాళ్ళకే ఉందనుకోకండి. ఆఫ్రికాలో, అరబ్బు దేశాల్లో, గ్రీసులో కూడా ఉంది. ఆ చోట్లన్నిటికీ ఒక పోలిక ఉంది. అదే మలేరియా.

మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే చూశాడు. ఆ తర్వాత 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలో ఒక వింత తేల్చాడు. దోమలు, మలేరియా ఎక్కువున్న చోట వాహకులు ఎక్కువ. చల్లటి ఎత్తు కొండల మీద తక్కువ. ఎందుకంటే ఒక మారిన జన్యువు ఉన్న పిల్లలకి ప్రాణం తీసే మలేరియా చాలా తక్కువగా వస్తుంది. పరాన్నజీవి దూరిన కణం వంకర తిరుగుతుంది, దాన్ని ప్లీహం పట్టి నాశనం చేస్తుంది. వేల ఏళ్ళుగా అడవి జ్వరానికి పిల్లలు పోతుంటే, వాహకులు బతికి బట్టకట్టారు. వాళ్ళ పిల్లలమే మనం. కాబట్టి ఇది మన జాతి బలహీనత కాదు. మన తాతముత్తాతలు మలేరియాతో చేసిన యుద్ధంలో మిగిలిన గుర్తు.

అట్లాగని వాహకులు దోమతెర మానెయ్యకూడదు. వాళ్ళకీ మలేరియా వస్తుంది. ఇక జబ్బు ఉన్నవాళ్ళకి మలేరియా వస్తే మరీ ప్రమాదం.

అంటుకుంటుందా?

అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, ఒకరి చొక్కా ఒకరు వేసుకున్నా రాదు. కొందరు పిల్లలు ఇట్లాంటి వాళ్ళ పక్కన కూర్చోవడానికి భయపడతారు. ఇది చదివిన తర్వాత కూడా భయపడితే అది మన చదువుకే అవమానం.

రక్తపరీక్షకి పారిపోవద్దు

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన పథకం మొదలైంది. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని, 2047కల్లా ఈ జబ్బు లేకుండా చెయ్యాలని లక్ష్యం. ఆంధ్ర, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. సూది చూసి గోడ దూకే తమ్ముళ్ళు వినండి! వేలి చివర ఒక చుక్క చాలు, చీమ కుట్టినంత నొప్పి. అందులో అనుమానం వస్తే ఇంకో పరీక్షతో ఖాయం చేస్తారు. వాహకుడని తేలితే జబ్బు ఉన్నట్టు కాదు, మందులు అక్కర్లేదు. పెద్దయ్యాక పెళ్ళి చేసుకునే ముందు రెండు వైపులా ఈ సంగతి తెలుసుకుంటే చాలు. వాహకుడు ఏమీ లేనివాళ్ళని చేసుకుంటే ఏ బిడ్డకీ జబ్బు రాదు.

జబ్బు ఉన్నవాళ్ళకి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా మాత్రలు ఇస్తారు. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. ఐరన్ తక్కువై వచ్చింది కాదు కాబట్టి ఒక్క ఐరన్ మాత్రలతో పోదు. జన్యువునే సరిచేసే వైద్యానికి 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి గానీ దాని ఖర్చు కోట్లలో ఉంది.

వార్డెన్ సార్లకి, మేడమ్‌లకి మనవి

చలి, దాహం, అలసట, జ్వరం - ఈ నాలుగూ కణాల్ని వంచేస్తాయి. కాబట్టి ఈ జబ్బు ఉన్న పిల్లలకి చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం వద్దు, వేణ్ణీళ్ళు ఇప్పించండి. ఎండలో పి.టి. చేయించేటప్పుడు మధ్యలో నీళ్ళు తాగనివ్వండి, ఆగుతానంటే ఆగనివ్వండి. నీళ్ళు ఎక్కువ తాగుతారు గనక రాత్రి బయటికి పోతామంటే కోప్పడకండి. ఇంకో దుప్పటి ఇప్పించండి. జ్వరం, ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పంపించండి.

మనకి కూడా ఒక మాట. ఎవడైనా కాళ్ళు నొప్పులని పడుకుంటే 'దొంగనొప్పులు' అనకండి. బయటికి వాపు కూడా కనపడకపోవచ్చు, లోపల ఎముక మండుతుంటుంది. వాడి బకెట్ మోయండి, నోట్సు రాసిపెట్టండి, సారుకి చెప్పండి.

ఆలోచించండి: తండ్రికి జబ్బు ఉంది (రెండూ తెలుపే). తల్లికి రెండూ నలుపే. వాళ్ళ పిల్లల్లో ఎంతమందికి జబ్బు వస్తుంది? ఎంతమంది వాహకులవుతారు? చింతపిక్కలతో వేసి చూసి జవాబు చీటీ మీద రాసి ఈ పత్రిక కింద ఉన్న డబ్బాలో వెయ్యండి. సరైన జవాబులు వచ్చే సంచికలో.