గని కొఱకు పుట్టిన ఊరు

స్వీడన్ దేశపు ఉత్తర భాగమున, ధ్రువవలయమునకు సుమారు 145 కిలోమీటర్ల ఆవల కిరునా నగరము కలదు. 20,000 మందియైన లేని ఊరిని నగరమనుట కొంత అతిశయమే. అచ్చట డిసెంబరు మాసమున కొన్ని దినములు సూర్యుడుదయింపడు, జూనులో అస్తమింపడు. అట్టి చోట ఊరేల వెలసినది? చెంతనున్న కీరునవార కొండ గర్భమున మేలైన ఇనుప ఖనిజ ముండుటయే కారణము. అది సామీ జనులు తరతరములుగా రెయిన్‌డీర్ల మందలను మేపుకొను భూమి. ఖనిజమున్నదని ఏనాడో తెలిసినను, దానిని రేవునకు చేర్చు దారి లేకుండెను. 1902 నాటికి నార్వేలోని నార్విక్ రేవువఱకు రైలుమార్గము పూర్తియయ్యెను.

గని సంస్థకు అచ్చటి అధిపతియైన లుండ్‌బోమ్ భూగర్భ శాస్త్రజ్ఞుడు. దక్షిణముననున్న మాల్మ్‌బెర్గెట్ గనికడ పనివారు మందుగుండు పెట్టెల చెక్కలతో గుడిసెలు వేసికొని బ్రతుకుచుండిరి. కిరునాకు అట్టి గతి పట్టరాదని అతడు తలచెను. 1900 లో హాల్‌మన్ అను శిల్పి పట్టణమునకు పథకము గీచెను. లోయలో చలిగాలి నిలుచును గనుక ఊరిని కొండవాలున నిలిపిరి. ఈదురుగాలి సూటిగా దూసికొనిపోకుండ వీధులను వంపులు తిప్పిరి. పనివారికై కట్టిన కొయ్య యిండ్లు సిరాబుడ్ల ఆకారమున నుండుటచే వానికి ఆ పేరే నిలిచెను.

ఇంత యోచించి కట్టిన ఊరి క్రిందికే ఖనిజము పోయినది! అది ఏటవాలుగా నిలిపిన పెద్దపలకవలె భూమిలోనికి దిగుచు ఊరివైపు ఒరిగియున్నది. మొదట పైనుండి త్రవ్విరి. 1960 దశకమునుండి సొరంగములలోనే పని సాగుచున్నది. క్రింది ఖనిజమును పేల్చి తీసినకొలది పైరాయి విఱిగి ఆ చోటున కూలును. నేలమీద పగుళ్లు ఏటేట ఊరివైపు ప్రాకును. ఊరు తరలక తప్పదని 2004 లో గని సంస్థ తెలిపెను. గనిని ఆపుదమన్నచో ఊరి జీవనాధారమే పోవును.

తూర్పున సుమారు 3 కిలోమీటర్ల దూరమున క్రొత్త నగరకేంద్రము నిర్మించి 2022 లో ప్రారంభించిరి. పాత కట్టడములు పెక్కింటిని కూల్చిరి. సిరాబుడ్డి యిండ్లు కొన్నింటిని మాత్రము పెకలించి వేఱుచోట నిలిపిరి. 1912 నాటి కొయ్య చర్చిని విప్పక, 672 టన్నుల బరువుతో అట్లే చక్రముల బండ్లపై కెత్తి, దారి వెడల్పు చేసి, 2025 ఆగస్టు 19, 20 తేదీలలో 5 కిలోమీటర్లు నడిపించిరి. గంటకు అర కిలోమీటరు నడక! ఊరంతయు వీధిలో నిలిచి చూచెను.

చర్చి చేరినది గాని పని ముగియలేదు. ఖనిజ మింకను లోతున కున్నది. అర్ధరాత్రి దాటిన పిదప గనిలో మందు పేల్చినపుడు పాత యిండ్లలో మంచములు నేటికిని అదరుచుండును.