గూళ్ల పైన డ్రోన్, ఎవరి చేతిలో?

2021 మే నెలలో కాలిఫోర్నియా తీరంలోని బోల్సా చీకా రక్షిత ప్రాంతంలో ఒక డ్రోన్ కూలింది. నిజానికి అక్కడ డ్రోన్లు ఎగరెయ్యకూడదు. అదే చోట ఎలిగెంట్ టెర్న్ అనే సముద్రపక్షులు ఇసుక నేల మీద గుడ్లు పొదుగుతున్నాయి. ఏ గద్దో వచ్చి పడిందనుకున్నాయి కాబోలు, వేలాది పక్షులు ఒక్కసారిగా లేచిపోయాయి. మళ్లీ రాలేదు. వెనక మిగిలిన గుడ్లు కనీసం 1,500.

అలాగని డ్రోనే వద్దనుకోలేం. నేలపట్టు పక్షుల అభయారణ్యంలోని చెరువులో గూడబాతులు నీళ్లలో నిలిచిన చెట్లమీద గూళ్లు కడతాయి. కట్టమీద నిలబడి గూళ్లు లెక్కపెడితే వెనక చెట్లు కనబడవు. పడవలో దగ్గరికెళితే పక్షులు బెదురుతాయి. పైనుంచి తీసిన ఫొటోలో గూళ్లు విడివిడిగా తెలుస్తాయి. చిక్కల్లా ఆ డ్రోన్‌ను ఎవరు నడుపుతారన్నదే.

ఖర్చు కలిసొస్తుందని పెళ్లి వీడియోలు తీసే కుర్రాణ్ణి పిలవాలనిపిస్తుంది. పందిరి మీదికి డ్రోన్‌ను నిట్టనిలువుగా దించితే దృశ్యం బాగుంటుంది. గూళ్ల దగ్గర అదే ప్రమాదం. 2015లో ఫ్రాన్స్‌లో బాతులు, ఫ్లెమింగోల మీద పరీక్షించి చూశారు. డ్రోన్ వేగం, రంగు వాటిని అంతగా కదిలించలేదు. నెత్తిమీదికి నిలువుగా దిగినప్పుడే ఎక్కువ బెదిరాయి. కదల్లేదంటే బెదరలేదనీ కాదు. అదే ఏడాది అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, డ్రోన్ పైకి వచ్చినప్పుడు ఒక నల్ల ఎలుగుబంటి గుండె నిమిషానికి 123 సార్లు అదనంగా కొట్టుకుంది. చూడ్డానికి మాత్రం ఎలుగులు చాలావరకు నిమ్మళంగానే ఉన్నాయి.

ఇంకొకటి, 'రిటర్న్ టు హోమ్' (సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తానే బయల్దేరిన చోటికి రావడం). ఎంత ఎత్తులో తిరిగి రావాలో ఎగరేసే ముందే పెట్టుకోవాలి. ఆ ఎత్తు చెట్ల కంటే తక్కువైతే డ్రోన్ నేరుగా కొమ్మల్లోకి దూసుకెళ్లే ముప్పుంది. శిక్షణ పొందిన పైలట్ ముందుగా చూసుకునేది ఇలాంటివే.

మన దేశంలో చట్టమూ అదే అడుగుతోంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పనిచేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ (డ్రోన్ నడిపే అర్హతా పత్రం) ఉండాలి. అభయారణ్యమైతే అటవీశాఖ అనుమతి వేరే.

అయితే ఆ సర్టిఫికెట్ పక్షుల గురించి నేర్పదు. అందుకే ఆ చెరువు పక్షుల్ని ఏళ్లుగా చూస్తున్న మనిషి పైలట్ పక్కనే బైనాక్యులర్‌తో నిలబడాలి. గూటిమీది పక్షి మెడ నిక్కించిందని ఆ మనిషి చెప్పగానే, సగం ఫొటోలే వచ్చినా సరే, డ్రోన్ తప్పుకోవాలి. పైలట్ వెనకాడకుండా ఆ మాట వినాలంటే, పని మధ్యలో ఆగినా ఫీజు పూర్తిగా ఇస్తామని ఒప్పందంలో ముందే రాసుకోవాలి.