'కాస్మోస్' చూసిన లోకం ఏమన్నది?

సైన్సును అందరికీ అర్థమయ్యేలా చెబితే దాని విలువ తగ్గుతుందా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే మనం 1980లో అమెరికాలో వచ్చిన 'కాస్మోస్' అనే టీవీ ధారావాహిక గురించి తెలుసుకోవాలి.

ఆ ఏడాది సెప్టెంబరు 28న మొదలైన ఈ ధారావాహికలో 13 భాగాలున్నాయి. విశ్వం ఎలా పుట్టింది, నక్షత్రాలు ఎలా మండుతాయి, భూమి మీద జీవం ఎలా వచ్చింది వంటి విషయాలను ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ శాగన్ ఇందులో కథలా చెప్పారు. ఆయన తండ్రి బట్టల తయారీ పరిశ్రమలో కార్మికుడు. శాగన్ చిన్నప్పుడు గ్రంథాలయానికి వెళ్ళి 'స్టార్స్' మీద పుస్తకం అడిగితే, ముందు సినిమా తారల పుస్తకం ఇచ్చారట! మళ్ళీ అడిగి తెచ్చుకున్న పుస్తకంలోనే, నక్షత్రాలంటే చాలా దూరంలో ఉన్న సూర్యుళ్ళని ఆయన చదివారు.

ఈ ధారావాహికను 60 దేశాలలో 50 కోట్ల మందికి పైగా చూశారని అంచనా. అయితే అందరూ ఒకేలా స్పందించలేదు. జానీ కార్సన్ అనే హాస్య వ్యాఖ్యాత శాగన్ మాట తీరును అనుకరించి జనాన్ని నవ్వించారు. అలెగ్జాండ్రియా గ్రంథాలయం కథలో పొరపాట్లున్నాయని చరిత్రకారులు విమర్శించారు. ఇది న్యాయమైన విమర్శే.

మన దేశానికి కూడా ఇందులో చోటుంది. తమిళనాడులో కొంత చిత్రీకరించిన 10వ భాగంలో, బ్రహ్మకు ఒక పగలు, ఒక రాత్రి కలిపి 864 కోట్ల సంవత్సరాలనే లెక్కను శాగన్ మెచ్చుకున్నారు. ఇంత పెద్ద కాలాలు ఆధునిక సైన్సు లెక్కలకు దగ్గరగా ఉండడం యాదృచ్ఛికమని కూడా అన్నారు. మనవాళ్ళు చాలామంది మొదటి మాట గర్వంగా చెప్పుకుంటారు, రెండో మాట వదిలేస్తారు. సగం మాట చెప్పడం సైన్సు కాదు.

అన్నిటికంటే బాధ కలిగించే స్పందన తోటి శాస్త్రవేత్తల నుంచి వచ్చింది. శుక్రగ్రహం అంత వేడిగా ఎందుకుందో వివరించిన వారిలో శాగన్ ముఖ్యులు. అయినా 1992లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే ఓటింగులో తిరస్కరించారు. టీవీలో కనిపించే మనిషి అనే చిన్నచూపు దీనికి ఒక కారణమని చాలామంది భావించారు. అదే అకాడమీ 1994లో ప్రజాహిత సేవకు ఇచ్చే పతకంతో ఆయనను సత్కరించింది. 1996లో ఆయన కన్నుమూశారు.

1975లో శాగన్ తన విశ్వవిద్యాలయానికి పిలిచి, దగ్గరుండి చూపించిన 17 ఏళ్ళ నల్లజాతి విద్యార్థి నీల్ డిగ్రాస్ టైసన్. 2014లో కొత్త 'కాస్మోస్' వచ్చినప్పుడు వ్యాఖ్యాత ఆయనే.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్ళలో సైన్సు పుస్తకం తెరిచిన మొదటి మనిషి మనమే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, గ్రహణం ఎందుకు పడుతుందో అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితేనే మనం నేర్చుకున్నట్టు. అలా చెప్పడం చిన్న పని కాదు.