పూవులో పురుగును పట్టే లెన్సు ఏది?

మిరప పూవును విప్పి చూస్తే లోపల నలకల్లాంటివి కదులుతుంటాయి. అవి తామర పురుగులా, వాటిని తినే మిత్ర పురుగులా అన్నది ఉత్త కంటికి తెలియదు. ఫోనులో ఫోటో తీసి శాస్త్రవేత్తకు పంపితే ఆయనకూ తెలియదు. పూవు అందంగా పడుతుంది, పురుగు మాత్రం మసక చుక్కలా పడుతుంది. ఆ చుక్కను చూసి ఎవరో ఒకరు మందు పేరు చెబుతారు. అది తగలకపోతే మందు ఖర్చూ, కూలి ఖర్చూ, పోయిన నాలుగు రోజులూ అన్నీ రైతు నెత్తినే పడతాయి.

ఫోనుకు తగిలించే మాక్రో లెన్సుల గురించి రైతులు అడగడం ఈ మధ్య ఎక్కువైంది. ఊళ్ళో ఎవరో తెప్పించారని మనమూ తెప్పించడం కాదు. మన పైరులో చూడాల్సిన పురుగు ఎంత ఉంటుంది, దాన్ని ఎంత దూరం నుంచి తీయగలం అన్న రెండు సంగతులు తేల్చుకున్నాకే డబ్బు పెట్టాలి.

నల్ల తామర పురుగు వచ్చినప్పుడు

2021-22లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరప రైతులు పడిన అవస్థ అందరికీ తెలిసిందే. మొదట్లో చాలామంది దాన్ని పాత తామర పురుగే అనుకున్నారు. పాతదానికి కొట్టే మందులే మార్చి మార్చి కొట్టారు. పూత రాలిపోయింది, కాయ గిడసబారింది. తీరా చూస్తే అది వేరే జాతి. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ పురుగు మన దేశంలో ఉన్నట్లు 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదటిసారి గుర్తించారు. ఆరేళ్ళకు మిరప మీద విరుచుకుపడింది.

పాత తామర పురుగు లేత పసుపు రంగులో ఉండి లేత ఆకుల అడుగున చేరుతుంది. ఆకులు పైకి ముడుచుకుంటాయి. కొత్తది ఎక్కువగా పూవులో గుంపుగా ఉంటుంది. ఆడ పురుగు ముదురు గోధుమ, నలుపు రంగులో కనిపిస్తుంది. ఇక్కడే ఓ తిరకాసు ఉంది. దీని మగ పురుగు పసుపే, పిల్ల పురుగులూ పసుపే. పూవులో ఒక్క పసుపు పురుగును చూసి ఇది పాతదే అనుకుంటే పొరబాటు. నాలుగైదు పూలు దులిపి, నల్లవి ఉన్నాయా లేదా చూడాలి.

ఇక తెల్లనల్లి ఉంది. అది అసలు పురుగుల జాతే కాదు, ఎనిమిది కాళ్ళ జీవి. దానివల్ల ఆకులు కిందికి ముడుచుకుంటాయి, ఆకు కాడ సాగుతుంది. దానికి నల్లి మందు కొట్టాలి. తామర పురుగు మందు కొడితే చాలాసార్లు నల్లి తగ్గదు, పైగా నల్లిని తినే జీవులు చచ్చి అది ఇంకా పెరుగుతుంది. పైముడత, కిందిముడత రెండూ ఒకే చెట్టు మీద ఉన్న చేలూ ఉంటాయి. అలాంటి చోట ముడత చూసి చెప్పడం కష్టం, అద్దం పెట్టి చూడాల్సిందే.

తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. తెల్లదోమ కూడా అంతే. పేనుబంక ఒకటి నుంచి రెండు, పత్తిలో పచ్చదోమ సుమారు మూడు, వరిలో సుడిదోమ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. నల్లి మాత్రం మిల్లీమీటరులో అయిదో వంతు. వరి కంకినల్లి కూడా అంతే, పైగా ఆకు తొడుగు లోపల దాక్కుంటుంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు, పత్తిలో గులాబీ రంగు పురుగు లాంటివాటికి ప్రత్యేకం లెన్సు అక్కర్లేదు. కత్తెర పురుగు తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చదరంగా ఉన్న నాలుగు చుక్కలు మామూలు ఫోను కెమెరాలోనే పడతాయి. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పత్తి గుడ్డిపూవు సంగతీ అంతే.

పెట్టె మీది అంకెను నమ్మొద్దు

లెన్సులు అమ్మేవాళ్ళు పెట్టె మీద 15 రెట్లు, 40 రెట్లు, 100 రెట్లు అని వేస్తారు. ఆ అంకె నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. లెన్సును ఫోనుకు తగిలించి, పిల్లల స్కేలు మీద గీతలు స్పష్టంగా కనిపించేదాకా దగ్గరకు తీసుకెళ్ళండి. అప్పుడు లెన్సుకు స్కేలుకు మధ్య ఎడం ఎన్ని సెంటీమీటర్లుందో కొలవండి. 25ను ఆ సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేదే సుమారుగా లెన్సు అసలు శక్తి. రెండున్నర సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తే అది 10 రెట్ల లెన్సు. సెంటీమీటరుంపావు దగ్గర కనిపిస్తే 20 రెట్లు. మూడు సెంటీమీటర్ల దగ్గరే అంతా స్పష్టంగా కనిపిస్తూ పెట్టె మీద 100 రెట్లు అని ఉందంటే, ఆ అంకె గిరాకీ కోసం వేసిందే.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. శక్తి పెరిగిన కొద్దీ పురుగుకు దగ్గరగా పోవాలి. సెంటీమీటరు దూరానికి పోయేసరికి ఫోను నీడ పడి చీకటవుతుంది, పూవు కదులుతుంది, పురుగు ఎగిరిపోతుంది. ఎక్కువ రెట్ల లెన్సులు కొని మూలన పడేసిన వాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే. 10 నుంచి 15 రెట్ల లెన్సయితే పొలంలో నిలబడి వాడుకోవచ్చు. 20 రెట్లది కావాల్సింది నల్లి కోసం మాత్రమే. అదికూడా ఆకు కోసి, ఇంటికి తెచ్చి, బల్ల మీద పెట్టి తీసుకోవాల్సిందే. రెండు రకాల పురుగులూ ఉన్న మిరప రైతు 10 రెట్లది ముందు కొనడం మంచిదని మా అభిప్రాయం.

కొనేటప్పుడు స్కేలునే మళ్ళీ వాడండి. ఫోటో మధ్యలోనే కాక అంచుల్లో కూడా గీతలు తిన్నగా, రంగులు చిమ్మకుండా ఉన్నాయా చూడండి. గాజు లెన్సా ప్లాస్టిక్‌దా అడగండి. ప్లాస్టిక్ అద్దం దుమ్ముకు తొందరగా గీతలు పడుతుంది. క్లిప్పు గట్టిగా ఉండాలి, మీ ఫోను కెమెరా మీద సరిగ్గా కూర్చోవాలి. ఇప్పటి ఫోన్లకు వెనక రెండు మూడు కెమెరాలుంటాయి. ఫోటో తీసే కెమెరా ఏదో తెలియాలంటే ఒక్కోదాన్ని వేలితో మూసి చూస్తే సరి. లెన్సు ఆ కెమెరా ఎదురుగానే రావాలి. ఫోను కవరు తీసేయండి.

కొన్ని ఫోన్లలో మాక్రో అని విడిగా కెమెరా ఉంటుంది. తక్కువ ధర ఫోన్లలో అది చాలావరకు రెండు మెగాపిక్సెళ్ళది. పేరు గొప్పే గానీ, దానితో తీసిన తామర పురుగు కంటే అసలు కెమెరాకు 10 రెట్ల లెన్సు తగిలించి తీసిందే బాగుంటుంది. ఖరీదైన ఫోన్లలో వెడల్పు కెమెరాయే రెండు మూడు సెంటీమీటర్ల దాకా దగ్గరకు పోతుంది. అలాంటి ఫోను ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందు దాన్ని పరీక్షించండి, విడిగా కొనాల్సిన పని ఉండకపోవచ్చు.

అసలు ఏమీ కొనకుండానూ కొంత పని జరుగుతుంది. కంసాలి నగ నాణ్యం చూసే చిన్న అద్దం, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే అద్దం ఫోను కెమెరాకు ఆనించి పట్టుకుంటే అదే మాక్రో లెన్సు. చెయ్యి కాస్త కుదురుగా ఉండాలి, అంతే. భూతద్దం ఇప్పటికే ఉన్న రైతు దాన్నే ఇలా వాడి చూడటం మేలు. లేని రైతు మాత్రం ఏ లెన్సు కంటే ముందు 10 రెట్ల మడత భూతద్దం కొనుక్కోవాలి. ఫోను చార్జింగు అయిపోయినా అది పనిచేస్తుంది.

పెద్ద కెమెరా ఉంటే

ఊళ్ళో పెళ్ళి ఫోటోలు తీసే కుర్రాడి దగ్గర పెద్ద కెమెరా ఉంటుంది. దానితో పూలు, తేనెటీగలు, సీతాకోక చిలుకలు తీయాలని ముచ్చటపడే పిల్లలూ రైతు కుటుంబాల్లో ఉన్నారు. వాళ్ళకోసం నాలుగు మాటలు.

అసలైన మాక్రో లెన్సును 1:1 అంటారు. అంటే పురుగు ఎంత ఉందో కెమెరా లోపలి రేకు మీద బొమ్మ అంతే పడుతుంది. పెద్ద సైజు కెమెరాలో ఆ రేకు వెడల్పు 36 మిల్లీమీటర్లు. కాబట్టి ఒక మిల్లీమీటరు తామర పురుగు ఫోటో వెడల్పులో 36వ వంతే ఉంటుంది. ఫోనుకు తగిలించిన 10 రెట్ల లెన్సులో ఫోటో మొత్తం వెడల్పు సుమారు మూడు సెంటీమీటర్లు, అంటే పురుగు 30వ వంతు. బొమ్మ నాణ్యంలో తేడా ఉంటుంది, కాదనలేం. కానీ పురుగును పోల్చుకోవడానికి మాత్రం వేలు పోసి లెన్సు కొనక్కర్లేదు.

సరదా కోసం కొనేవాళ్ళకు 60, 100, 180 మిల్లీమీటర్ల లెన్సులు దొరుకుతాయి. అన్నీ 1:1 చూపిస్తాయి, తేడా దూరంలోనే. 60తో పురుగుకు బెత్తెడు దూరానికి పోవాలి. 100తో దాదాపు పదిహేను సెంటీమీటర్లు. 180తో జానెడు దూరం నుంచే తీయొచ్చు గానీ బరువు, ధర రెండూ ఎక్కువ. కదలని పూవుకు 60 చాలు. తేనెటీగకు, తూనీగకు 100 దగ్గర మొదలుపెట్టాలి. ఒక్కటే కొనేవాళ్ళు 90 - 100 మధ్యది తీసుకోవడం మేలు.

ఆ డబ్బు లేకపోతే ఎక్స్‌టెన్షన్ ట్యూబులని వస్తాయి. వాటిలో అద్దం ఉండదు, ఉత్త గొట్టాలు. కెమెరాకు లెన్సుకు మధ్య బిగిస్తారు. మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సుకు 50 మిల్లీమీటర్ల గొట్టం బిగిస్తే 1:1 వచ్చేస్తుంది. చవక రకాల్లో విద్యుత్ తీగలు ఉండవు, ఫోకస్ మన చేత్తోనే చేసుకోవాలి. ఇంత దగ్గర నుంచి తీసేటప్పుడు స్పష్టంగా పడే లోతు చాలా తక్కువ. పెద్ద కెమెరాలో రంధ్రం 8 దగ్గర పెట్టినా ఆ లోతు సుమారు ఒక మిల్లీమీటరే. పురుగు కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకబారుతుంది. అది లెన్సు లోపం కాదు.

తీసే పద్ధతి

పొద్దున్నే తీయాలి. గాలి తక్కువ, పురుగుల్లో చురుకుదనం తక్కువ, ఎండ మెత్తగా ఉంటుంది. పూవును తెల్ల కాగితం మీద తడితే తామర పురుగులు రాలి నడుస్తుంటాయి. నల్లవి తెల్ల కాగితం మీద, పసుపువి నల్ల కాగితం మీద బాగా కనిపిస్తాయి. కాగితం పక్కన స్కేలు పెట్టండి, సైజు తెలుస్తుంది. అది లేని ఫోటో చూసి పురుగు ఎంతుందో చెప్పలేరు.

ఫోకస్ కోసం తెరను పదే పదే నొక్కడం వద్దు. మోచేతులు ఒంటికి ఆనించి, ఫోనునే మెల్లగా ముందుకూ వెనక్కూ జరుపుతూ వరసగా పది ఫోటోలు తీయండి. రెండు బాగా వస్తాయి. కదిలే పురుగయితే వీడియో తీయడం తేలిక, తర్వాత మంచి చోట ఆపి పట్టుకోవచ్చు. వెలుతురు చాలకపోతే పూవుకు అవతల వైపు తెల్ల కాగితం పట్టుకుంటే ఎండ తిరిగి పడుతుంది. మందు కొట్టిన చేతులతో ఫోను, లెన్సు ముట్టుకోవద్దు.

పురుగు ఫోటో ఒక్కటే పంపితే చాలదు. చెట్టు మొత్తం ఒకటి, దెబ్బతిన్న కొమ్మ లేదా పూవు ఒకటి, దగ్గర నుంచి పురుగు రెండు మూడు పంపాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి, లెన్సు పెట్టి తెచ్చుకున్న వివరం దారిలోనే పోతుంది. డాక్యుమెంటుగా పంపండి, ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. పైరు వయసు, రకం, ఇప్పటికి కొట్టిన మందులు కూడా రాయండి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారి, రెండుచోట్లా దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు ఇలాంటి ఫోటోలు చూస్తారు. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టులో ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ యాప్‌లో కూడా ఫోటో పెట్టి పురుగు పేరు తెలుసుకోవచ్చు. యాప్ చెప్పింది చిన్న పురుగుల విషయంలో తప్పయ్యే అవకాశం ఉంటుంది. మందు కొనే ముందు మనిషి చేత చూపించుకోవడమే నయం.

లెన్సు చేతికొచ్చాక కనిపించే ప్రతిదీ శత్రువనుకోవద్దు. ఆకు మీద వెంట్రుక కొసన నిలబెట్టినట్లున్న తెల్ల గుడ్డు కనిపిస్తే అది అల్లిక రెక్కల పురుగుది, దాని పిల్ల పేనుబంకను తింటుంది. మొసలి పిల్లలా వికారంగా, నల్లగా ఉండేది అక్షింతల పురుగు పిల్ల. అదీ మన పక్షమే. మిరప పూవులో తామర పురుగుకు రెట్టింపు సైజులో, చురుగ్గా పరుగెత్తే నలుపు తెలుపు నల్లి ఒకటి కనిపించవచ్చు. దాని పేరు ఓరియస్. నల్లి అని పిలుస్తున్నా ఇది ఆరు కాళ్ళ పురుగే, తామర పురుగులను పొడిచి రసం పీలుస్తుంది. దులిపిన పూలలో ఇవి బాగా కనిపిస్తే ఆ సంగతి కూడా శాస్త్రవేత్తకు చెప్పండి. మందు కొట్టడం నాలుగు రోజులు ఆపి చూడమని ఆయన అనవచ్చు.